హీటర్ పైపులు మార్చిన నెల

డిసెంబర్ 3, మంగళవారం

తేలింది. కళ్ళు కాదు, పైపులు.

ఇది ముందు రాసి పెట్టుకోవాలి. రేపు మా ఆవిడ లలిత మళ్ళీ మొదలుపెడితే తీసి చూపించడానికి పనికొస్తుంది. చూపించను, అది వేరే సంగతి. ఈ పుస్తకం సంగతి ఆమెకు తెలియదు.

పొద్దున కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి వెళ్తుంటే మళ్ళీ ముందు అద్దం నిండా మసక. పది రోజులుగా ఇదే తంతు. అద్దం మీద ఎవరో పాలు కలిపిన నీళ్ళు చల్లి ఆరబెట్టినట్టు ఉంటుంది. వైపర్ వేస్తే బయటంతా తుడుస్తుంది కానీ మసక పోదు. ఎదురు బండి లైటు పడిందంటే ఆ వెలుగు అద్దమంతా పరుచుకుని కూర్చుంటుంది.

లలిత పక్క సీట్లో కూర్చుని ఎప్పటిలాగే వార్తలు చదివింది. "బస్సు ఆగింది, బస్సు. ముంగట గతుకున్నది. కుక్క. అవ్వ రోడ్డు దాటుతున్నది, ఆగు." చంపాపేట్ నుంచి గుడి దాకా నోరు మూయలేదు. ముప్ఫై ఏళ్ళుగా బండి నడిపే మనిషికి కుక్కను పరిచయం చేయాలా? గుడి మెట్ల దగ్గర "జర కండ్ల దవాఖానకు పోదామయ్య" అంది, ఈ వారంలో మూడోసారి. మసక అద్దానికి పడితే దవాఖానకు అద్దాన్ని తీసుకుపోవాలి, నన్ను కాదు అన్నాను.

అక్కడి నుంచి నేరుగా ఎల్బీనగర్ చంటి షెడ్డుకు తోలాను. చంటి గుడివాడ మనిషి. పదిహేనేళ్ళుగా నా బండికి అతడే వైద్యుడు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, లోపలెక్కడో వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు.

"హీటర్ పైపులు పోయాయండీ రాజయ్య గారూ. రబ్బరు పండిపోయి చివర పగిలింది. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కారుతోంది. ఆ వేడి ఆవిరి డాష్‌బోర్డు సందుల్లోంచి లోపలికొచ్చి అద్దానికి పట్టుకుంటోంది. బండిలో తియ్యటి వాసన రావట్లేదూ?"

వస్తోంది. నాలుగు రోజులుగా వస్తోంది. స్వామి ప్రసాదం వాసన అని లలిత రోజూ దండం పెట్టుకుంటోంది.

"మళ్ళ చెప్పు చంటీ. గట్టిగ చెప్పు, ఆమెకు వినపడాలె" అన్నాను. అతను పాపం మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. లలిత అంతా విని "సరే, పైపులు మార్చు. కండ్లు గూడ చూపించు" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

చంటి సలహా ఏమిటంటే, ఆ రెండు పైపులూ తీసేసి ఇంజను దగ్గరే ఒక ముక్కతో కలిపేస్తాడట. హైదరాబాద్‌లో హీటర్ వేసేవాడు ఎవడండీ, అందరూ అదే చేయించుకుంటున్నారండీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బండి చేసినవాడు రెండు పైపులు పెట్టాడంటే ఆలోచించే పెట్టి ఉంటాడు. కనిపించదు కదా అని పడుగులో రెండు పోగులు తీసేస్తామా? పోచంపల్లి నుంచి వచ్చినవాళ్ళం, ఆ పని మా ఇంటా వంటా లేదు. పైపులు తెప్పించమని చెప్పాను, ఆదివారానికి వస్తాయి.

డిసెంబర్ 4

లైసెన్స్ గడువు 31తో సరి. అరవై రెండేళ్ళవాడికి డాక్టరు చూసి సంతకం పెట్టిన ఫారం కావాలట, కంటిచూపు గడితో సహా. ఫారం తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. లైసెన్స్ పోతే మా అబ్బాయి విజయ్ ఈ బండిని తుక్కు కింద ఇచ్చేస్తాడు. దాని కోసమే కాచుకుని ఉన్నాడు, వాడి షోకు బండి పక్కన నా పంతొమ్మిదేళ్ళ బండి కనబడితే వాడికి నామోషీ. చీరల షాపును వాడి చేతికి ఇచ్చాను, గల్లా ఇచ్చాను. స్టీరింగు మాత్రం ఇవ్వను.

ముందు పైపులు మారనీ. తర్వాత ఫారం. ఇరవై ఏడు రోజులుంది.

డిసెంబర్ 6, శుక్రవారం

దసరాకు విజయ్ షాపులో లైట్లన్నీ మార్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్ని చీరల షాపులుంటే మన దాంట్లోనే పట్టపగలు పెళ్ళి పందిరిలా వెలుగుండాలట. ఆ లైట్ల వల్ల ఈరోజు నా పరువు పోయింది.

కొత్తపేట కోటేశ్వరమ్మగారు వచ్చింది. తెనాలి మనిషి, మాకు పాత బేరం. విజయ్‌తో మాట్లాడదు, నేను తీసి చూపిస్తేనే కొంటుంది. నల్లచీర, ఎర్రంచు కావాలంది. చూడకుండానే తీశాను. నా బీరువాలో ఏ అర ఎక్కడుందో చేతికి తెలుసు.

"ఇది నలుపా రాజయ్య గారూ? నీలం కదండీ."

"గా లైట్ల కింద గట్లనే కొడుతదమ్మా. ఎండలకు తీస్కపోయి చూడుర్రి, కాటుక లెక్కుంటది."

ఆమె చీర పట్టుకుని బయట ఫుట్‌పాత్ మీదికి వెళ్ళింది. ఒక నిమిషం తర్వాత తిరిగొచ్చి, "ఎండలో ఇంకా నీలంగా ఉందండీ" అంది.

విజయ్ నల్లచీర తీసి ముందు పెట్టాడు. ఆమె వెళ్ళాక వాణ్ణి కూర్చోబెట్టి లైట్ల గురించి నాలుగు మాటలు చెప్పాను. సరే డాడీ అని తల ఊపాడు. ఆ ఊపిన తీరు నాకు నచ్చలేదు.

డిసెంబర్ 8, ఆదివారం

పైపులు మార్చాను. నేనే, నా చేతులతో.

ఆదివారం సెలవైనా నా కోసం చంటి షెడ్డు తెరిచాడు. "నా బండి పైపులు నేనే మారుస్త. నువ్వు కుర్చీ ఏసుకొని కూసో, తప్పయితే చెప్పు" అన్నాను. ఒకప్పుడు వెంట్రుకంత నూలుపోగులు లెక్కబెట్టి కట్టిన చేతులివి, రెండు రబ్బరు పైపులు ఒక లెక్కా. చంటి కాసేపు తల గోక్కుని, ఛాయ్ చెప్పి, కుర్చీ వేసుకున్నాడు.

ఇంజను చల్లారాక కింద బేసిన్ పెట్టి కూలెంట్ అంతా దించాను. ఇంతవరకు బాగానే ఉంది. ఇంజనుకూ డాష్‌బోర్డుకూ నడుమ ఒక రేకు గోడ ఉంటుంది, దాంట్లోంచి రెండు సన్నటి గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, హీటర్ పైపులు వాటికి తొడిగి ఉంటాయి. పంతొమ్మిదేళ్ళుగా తొడిగినవి తొడిగినట్టే ఉన్నాయి కాబట్టి అతుక్కుపోయాయి. పట్టుకుని మెలిపెట్టబోయాను.

"తిప్పకండి, తిప్పకండి. లోపలి గొట్టం విరిగిందంటే డాష్‌బోర్డంతా విప్పుకోవాలి. బ్లేడు పెట్టి పొడుగ్గా గాటు పెట్టండి, అరటితొక్కలా వలిచేయొచ్చు."

బ్లేడు పెట్టి పొడుగ్గా, నిటారుగా, ఒక్క గీతలో గాటు పెట్టాను. అంత తిన్నటి గాటు చంటి కూడా పెట్టలేడు. అతను కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు.

"అది రేడియేటర్‌దండీ" అన్నాడు.

అన్నీ నల్లగానే ఉన్నాయి, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికైనా అలాగే జరుగుతుంది. అయినా అది కూడా పాతదే, ఎప్పటికైనా మార్చాల్సిందే. ఒక రకంగా మంచిదే అయింది. చంటి తన బండేసుకుని రెండు గల్లీల అవతల షాపు తెరిపించి దాన్ని తెచ్చేసరికి గంట పట్టింది. ఈలోగా హీటర్ పైపులు రెండూ వలిచేశాను, కొనలు తడిమి చూసుకుని మరీ.

గొట్టాలకు ఎమ్రీ పేపర్ పట్టి తుప్పు తీశాను. కొత్త పైపులు తొడిగాను. ఇక మిగిలింది క్లిప్పులు బిగించడం. ఈ మధ్య క్లిప్పుల స్క్రూలకు గాడి సరిగా కొయ్యడం లేదు. స్క్రూడ్రైవర్ ఆనిస్తే పక్కకు జారిపోతుంది. ఏడెనిమిదిసార్లు జారింది. చంటి వచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటిసారికే బిగించేశాడు. అతనిది రోజూ చేసే చెయ్యి కదా.

కూలెంట్ దగ్గర ఇంకో చిన్న గొడవ. నేను కొనుక్కొచ్చింది పచ్చది. చంటి నీలం అన్నాడు. ఇది వరకు బండిలో ఉన్నది పచ్చదట, రెండూ కలిస్తే లోపల బురద కడుతుందట. ఆ డబ్బా పట్టుకుని ఎండలో నిలబడ్డాను. పచ్చగానే ఉంది. నీలమూ పచ్చా పక్కపక్క ఇళ్ళవాళ్ళే, దానికి ఇంత రాద్ధాంతం దేనికి అనుకుని, పోనీలే అని అతని దగ్గరున్నది పోయించాను.

చివరికి గాలి బుడగలు పోవాలంటే ఇంజను నడుస్తుండగా హీటర్ నిండా తిప్పి పెట్టాలన్నాడు. మధ్యాహ్నం పన్నెండింటికి అద్దాలు ఎత్తుకుని, హీటర్ పెట్టుకుని, చంటీ నేనూ బండిలో కూర్చున్నాం, అద్దానికి ఆవిరి పడుతుందో లేదో చూడాలని నేనే పట్టుబట్టాను. ఇద్దరికీ చొక్కాలు వీపులకు అతుక్కున్నాయి. పక్కన ఆటో ఆపుకున్నాయన వంగి చూసి "ఏమైందన్నా, ఏసీ ఉల్టా అయిందా?" అని అడిగాడు. అద్దానికి ఆవిరి పడలేదు. పాత పేపరుతో లోపలంతా రుద్ది తుడిచాను.

ఇంటికొచ్చి లలితతో చెప్పాను, నేనే మార్చానని. మూడు పైపులు. ఆమె "రెండన్నవు గద" అంది.

డిసెంబర్ 9

అద్దం నిగనిగలాడుతోంది. మసక అన్నది లేదు.

సాయంత్రం రాస్తున్నాను. కొంచెం ఉంది. లోపల దాగిన పాత ఆవిరి అయ్యుంటుంది. రెండు రోజుల్లో పోతుంది.

డిసెంబర్ 10

ఉంది.

డిసెంబర్ 12, గురువారం

చంటి షెడ్డుకు మళ్ళీ వెళ్ళాను. పైపులు నకిలీవి తెచ్చావన్నాను. అతను బాధపడ్డాడు. ముందు అద్దం మీద వేలితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీసి, ఆ వేలు నాకు చూపించాడు.

"శుభ్రంగా ఉందండీ."

"మరి మసక?"

"నాకు కనబట్టంలేదండీ."

నాకు ఒళ్ళు మండింది. నాకు కనబడే మసక అతనికి ఎందుకు కనబడదు. లోపలి నుంచి ఇంకా ఎక్కడో కారుతోందని వాదించాను. అతను ఎదురు చెప్పకుండా బానెట్ ఎత్తి, కొత్త పైపులు రెండూ ఊడదీసి, ఆ రోజు చెప్పినట్టే ఇంజను దగ్గర ముక్క వేసి కలిపేశాడు.

"ఇప్పుడు కూలెంట్ చుక్క కూడా లోపలి వైపు పోదండీ. ఆవిరి రావడానికి దారే లేదు. రెండు రోజులు నడిపి చూడండి. అప్పటికీ మసకుంటే పైపులది తప్పు కాదన్న మాట."

సరే అన్నాను. షెడ్డు నుంచి చంపాపేట్ దాకా మసకలోనే వచ్చాను. అంటే చంటి చెప్పింది నిజమే, పైపులు కాదు. చలికాలం కదా, ఊరంతా పొగమంచు.

లలితను అడిగాను, పొగమంచు బాగా పడుతోంది కదా అని. కిటికీ బయటికి చూసి "మధ్యాహ్నం మూడయింది" అంది.

డిసెంబర్ 14, శనివారం

ఇది రాయొద్దనుకున్నాను.

కోటేశ్వరమ్మగారు మళ్ళీ వచ్చింది, చేతిలో వేరే చోట కొన్న చీరతో. బంధువులెవరో పోచంపల్లి అని పెట్టారట, అసలుదో కాదో మీరైతే చెప్తారని వచ్చాను రాజయ్య గారూ అంది. షాపులో పది మందున్నారు. ఇలాంటి పంచాయితీలకు దిల్‌సుఖ్‌నగర్‌లో పక్క షాపులవాళ్ళు కూడా నా దగ్గరికే పంపుతారు. పోగులకు ముందే ముడులు వేసి రంగులో ముంచి నేస్తాం కాబట్టి, మా చీరలో పువ్వు అంచు కొద్దిగా అదిరినట్టు, చెదిరినట్టు ఉంటుంది. అచ్చు గుద్దిన దాంట్లో కత్తితో కోసినట్టు ఉంటుంది. మిగతావాళ్ళు చీర తిరగేసి వెనకవైపు రంగుందో లేదో చూస్తారు. నేను తిరగేయను. అంచు చూస్తే చాలు నాకు.

చూశాను. అంచు చెదిరి ఉంది. ఎంత చక్కగా చెదిరిందో.

"అసలైన మాల్ అమ్మా. చెయ్యి తిరిగిన మనిషి నేసిండు" అన్నాను.

విజయ్ పక్కనుంచి వచ్చి, మెల్లగా, చీర కొంగు తిరగేశాడు. వెనకంతా తెల్లగా ఉంది. అది నాకు కూడా కనబడింది. అచ్చు గుద్దిన చీర, ఏ మిల్లుదో.

కోటేశ్వరమ్మగారు చీర మడతపెట్టుకుంటూ "పెద్దవారు, పొరపాటు పడటం సహజం" అంది. తిడితే బాగుండేది. విజయ్ నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. వాడి కళ్ళల్లో కోపం లేదు, అదే నాకు భరించరానిదైంది.

నాకన్నీ చెదిరే కనబడుతున్నాయి. చీర అంచు, షాపు బోర్డు, మనిషి ముఖం.

నాయిన గుర్తొచ్చాడు. ఆయన కట్టిన ముడుల్లోకి ఎంత ముంచినా రంగు చొరబడేది కాదు. యాభై దాటాక కళ్ళు మసకబారాయి. ఎవరో వచ్చి డేరా వేసి ఉచితంగా ఆపరేషన్లు చేస్తున్నారంటే వెళ్ళాడు. కట్టు విప్పాక ఆ ఉన్న మసక కూడా పోయింది. "మసకున్నప్పుడు మగ్గం దాక నడిచేటోన్ని. ఇప్పుడు ఇంట్ల ఎవలున్నరో గూడ ఎరుకైతలేదు" అన్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది నేనే. ఆ చెయ్యి నా భుజం మీద ఎంత బరువుగా ఉండేదో నాకు తెలుసు.

ఇప్పుడు కాలం మారిందట. మా లైన్‌లో సగం మంది షాపుల ముసలోళ్ళు ఆపరేషన్ చేయించుకుని మర్నాడే గల్లా మీద కూర్చున్నారట. ఉండొచ్చు. నాకు భయం. రాశాను, ఇక చాలు.

డిసెంబర్ 15, ఆదివారం

ఏమీ లేదు. ఇంట్లోనే ఉన్నాను.

డిసెంబర్ 17, మంగళవారం

గుడికి వెళ్ళాం. చంటి చేత హీటర్ పైపులు మళ్ళీ పెట్టించాను, ఉండాల్సినవి ఉండాల్సిన చోట ఉండాలి. వైపర్ బ్లేడ్లు కూడా కొత్తవి వేయించాను. మసక అలాగే ఉంది.

దారిలో లలిత కొంగుతో అద్దం తుడిచింది, లోపలి వైపు, నా ముందు. నేను అడగకుండానే తుడిచింది. తుడిచి "ఇప్పుడెట్లున్నది?" అంది. కొంచెం నయం అన్నాను. మళ్ళీ తుడిచింది. "ఇప్పుడు?" ఇంకొంచెం నయం అన్నాను. ఆమె కొంగు వైపు చూసుకుంది. కొంగుకు ఏమీ అంటలేదు. వెంటనే మళ్ళీ వార్తలు మొదలుపెట్టింది, బస్సు, గతుకు, స్కూటర్.

పద్నాలుగు రోజులుంది.

డిసెంబర్ 19, గురువారం

బడంగ్‌పేట్‌లో లలిత అక్క అరుణమ్మ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. లలిత రెండు రోజులు అక్కడే ఉంటుంది. వెళ్ళేముందు "బండి తియ్యకు. విజయ్‌తోటి పో" అని ముగ్గురి చేత చెప్పించింది. విజయ్, విజయ్ పెళ్ళాం, పక్కింటి ఈరమ్మ.

తీశాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి వచ్చాను. బండిలో ఎంత ప్రశాంతం. ఎన్నాళ్ళయిందో ఇలా ఒక్కణ్ణే నడిపి. రోజూ పొద్దున నేను తాళాలు తీసేసరికి ఈమెకు ఏదో పని పడుతుంది. ఒకరోజు కూరగాయలు, ఒకరోజు జాకెట్టు కుట్టడానికి, ఒకరోజు ఊరికే గాలి తగులుతుందని. ఈరోజు కుక్క అనేవాళ్ళు లేరు, బస్సు అనేవాళ్ళు లేరు.

కొంచెం మెల్లగా నడిపాను. వెనకవాళ్ళు తెగ హారన్లు కొట్టారు. ఈ ఊళ్ళో ఎవరికీ ఓపిక లేదు.

డిసెంబర్ 20

సరూర్‌నగర్ దగ్గర ఆటో వచ్చి నా బండికి తగిలింది. ఎడమవైపు, వెనక బండ్లు చూసుకునే అద్దం పోయింది. ఆటోవాడు పెద్ద గొడవ చేశాడు. రోడ్డు పక్కన ఆపుకుని టిఫిన్ చేస్తున్నాడట, ఆగి ఉన్న ఆటో ఎట్ల ఒస్తదని అడిగాడు. వాళ్ళతో ఎవరు వాదిస్తారు, చేతిలో పెట్టాల్సింది పెట్టి వచ్చేశాను.

ఇంట్లో చెప్పలేదు.

డిసెంబర్ 21, శనివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

నాలుగింటికి లలిత ఫోన్ చేసింది, సాగర్ రింగ్ రోడ్ దగ్గర బస్సు దిగుతున్నానని, ఆటోలో వచ్చేస్తానని. నేను తీసుకొస్తానన్నాను. వద్దంది. బయలుదేరిన అన్నాను.

ఇంటి నుంచి అక్కడి దాకా బాగానే వెళ్ళాను. అటు చివర బండి మళ్ళించాక ఎండ నేరుగా ముఖం మీదికొచ్చింది. అద్దం మొత్తం తెల్లబడింది. పైపులు కొత్తవి, వైపర్లు కొత్తవి, అద్దం పొద్దునే తుడిచాను. అయినా తెల్లగా ఉంది, ఏమీ లేదు, తెలుపు తప్ప. ఆ తెలుపులో ఎవరో ఒకామె రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. చెయ్యి ఊపుతోంది. ఎవరినో పిలుస్తోంది అనుకున్నాను. తప్పుకుంటుందిలే అనుకున్నాను. తప్పుకోకపోగా ఇంకా ముందుకొచ్చింది. హారన్ కొట్టాను. ఆఖరికి కాలు బ్రేకు మీద నిలబెట్టి, పక్కద్దం దించి అరిచాను.

"ఎవలమ్మ నువ్వు, కండ్లు కనిపిస్తలేవా?"

ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు బంపర్‌ను తాకుతున్నాయి. లలిత.

నేను చూశాననుకుంది. చెయ్యి ఊపి, నేను ఆపుతాననుకుని, ముందుకొచ్చింది. కట్టుకున్నది నేను ఎంచి తెచ్చిన చీరే.

వచ్చి పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. గాజులు పైకి తోసుకుంది. "హారన్ మంచిగనే పనిచేస్తున్నది" అంది.

నాకు గేరు వేయడానికి చెయ్యి రాలేదు. వెనక బండ్లు మోతెక్కిస్తున్నాయి. అప్పుడు ఆమె మొదలుపెట్టింది, రోజూ చెప్పే గొంతుతోనే. "ఎడమకు తీయి. ఆటో ఒస్తుంది, ఆగు. పోయింది. ఇప్పుడు మెల్లగ. ఇంకొంచెం. కరెంటు స్తంభం ఉన్నది, ఆపు."

ఆపాను. ఆపాక అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను ఆ మాటలు విని నడుపుతున్నాను. విసుక్కుంటూ విన్నాను, కానీ వింటూనే నడిపాను. మొన్న ప్రశాంతంగా ఉందని రాసుకున్నానే, ఆ ప్రశాంతంలో ఎంత మంది నా బండి ముందు నుంచి వెళ్ళారో నాకు తెలియదు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

చంటికి ఫోన్ చేస్తే వచ్చి బండి నడిపాడు. నా బండిలో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాను, దొంగకు తేలు కుట్టినట్టు. దిగాక చంటి విరిగిన అద్దం చూసి, కొత్తది తెప్పిస్తానండీ అన్నాడు.

డిసెంబర్ 22, ఆదివారం

పొద్దున ఛాయ్ తాగేటప్పుడు లలితకు నాయిన సంగతి చెప్పాను. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళయినా ఇది చెప్పలేదు, కళ్ళు పోయిన సంగతి తెలుసు కానీ డేరా సంగతి తెలియదు. అందుకే భయపడుతున్నా అన్నాను. అనడానికి ఇంత కష్టపడ్డాను కానీ అన్నాక రెండు మాటలే.

ఆమె ఛాయ్ గ్లాసు కింద పెట్టింది.

"పైపులన్నవు, పొగమంచన్నవు, లైట్లన్నవు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. భయమని ఒక్కసారన్న అనకపోతివి."

"నీకు తెలిసి గూడ పక్కన ఎందుకు కూసున్నవే?"

"వద్దంటె ఆగుతవా? ఒక్కనివే పోతవు. ఒక్కనివి పోతె చెప్పేటోళ్ళెవరు?"

అప్పుడే విజయ్ వచ్చాడు. లలిత వాడికి రాత్రే చెప్పినట్టుంది. నేను బండి తాళాలు తీసి వాడి చేతిలో పెట్టబోయాను. వాడు తీసుకోలేదు. "ఆపరేషన్ అయినంక మీరే నడుపుదురు. ఫారం గూడ అప్పుడే నింపుదాం" అన్నాడు. లైసెన్స్ గడువు దాటితే దాటనీ అన్నాడు. వీడు తుక్కు అంటాడని ఎన్ని రోజులు వీడి మీద కత్తి నూరానో ఈ పుస్తకంలోనే ఉంది.

భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం.

డిసెంబర్ 23, సోమవారం

కంటి దవాఖానకు వెళ్ళాం. విజయ్ నడిపాడు. లలిత నాతో పాటు వెనక కూర్చుంది.

డాక్టరు మా విజయ్ కంటే చిన్నపిల్ల. కంట్లో చుక్కలు వేయించి, గడ్డం ఆనించమని, లైటు వేసి చాలాసేపు చూసింది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు బాగా ముదిరాయంది. ముందు కుడికన్ను, సంక్రాంతి దాటాక ఎడమది చేద్దామంది. నేను నాయిన సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఏం చేస్తారో, ఎక్కడ కోస్తారో, ఎంతసేపు పడుతుందో బొమ్మ గీసి చెప్పింది. బొమ్మ నాకు చెదిరే కనబడింది కానీ మాట స్పష్టంగా వినబడింది. సరే అన్నాను.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు అడుగుతూ టైపు కొట్టింది. పేరు, వయసు, షుగరు, బీపీ.

"మసక ఎప్పటినుంచి ఉంది?"

పైపులు కారినప్పటి నుంచి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"రెండేండ్లయింది" అన్నాను. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇందులో కూడా రాయలేదు.

"మూడు" అంది వెనక నుంచి లలిత.

డాక్టరు చేతులు ఆపి, ఏది కొట్టాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆమె చెప్పిందే రాయి బిడ్డా" అన్నాను. "మూడేండ్ల సంది రోడ్డు చూస్తున్నది ఆమెనే."